నలభై ఒకటో గొంతు

“అరబ్బీలో ‘ప’ లేదు కనుక మనవాళ్లు ఇంగ్లీషు మాట్లాడేటప్పుడు కూడా దాన్ని ‘బ’ అనేస్తారు, డాక్టర్‌గారూ. మూడేళ్ల నా పరిశోధన సారం ఇదే,” అంది ఇంతిసార్.

“అది మా తాతల నాటి ముచ్చట,” అంటూ పరీక్షకుడు డాక్టర్ బయ్యూమీ ఆమె థీసిస్‌ను బల్లమీద పడేశాడు.

హాలు చివర, సొంతూరు అస్యూత్ నుంచి బస్‌బూసా మిఠాయి పళ్లెంతో వచ్చిన ఇంతిసార్ వాళ్లమ్మ, పట్టా వచ్చేదాకా ఎవరినీ ముట్టనివ్వకుండా మూతమీద చెయ్యి పెట్టుకుని కూర్చుంది.

“నలభైమంది విద్యార్థుల గొంతులు రికార్డు చేశాను.”

“కుర్రాళ్ల సంగతి సరే. మాలాంటి ఆచార్యులు కూడా అలాగే అంటారని రాశావే, దానికి బ్రూఫ్ ఏది?”

హాల్లో ఎవరో దగ్గారు. ఇంతిసార్ తల వంచుకుంది. చెబితే పట్టా పోతుంది, చెప్పకపోతే పరిశోధన పోతుంది.

“ఏం, మాట రాదా? ఒక్కటంటే ఒక్క బ్రూఫ్...”

ఆయన పెదవులు అక్కడే ఆగిపోయాయి. కళ్లద్దాలు తీసి, తీరిగ్గా తుడుచుకున్నాడు.

“నాది ఎన్నో గొంతు?”

“నలభై ఒకటోది, డాక్టర్‌గారూ.”

ఆయన ఫలితం కాగితం మీద సంతకం చేసి ఆమెవైపు జరిపాడు.

“నువ్వే చదువు తల్లీ. నేను చదివితే ‘బాస్’ అవుతుంది.”