అక్రోటు మునియప్ప

సీనప్ప మిల్లులో ఆ దుంగకు చిత్రిక పట్టగానే రంగరాజుకు కడుపు మండింది.

ఏర్కాడు కొండ మీద ఏ దొర నాటాడో, గాలివానకు పడిపోయిన అక్రోటు చెట్టు అది. ధర్మపురిలో అక్రోటు అంటే అంగట్లో కాయే తప్ప చెట్టు మొహం ఎవరూ చూడలేదు. తడిబట్టతో తుడిస్తే చాలు, ఆ నల్లకాఫీ రంగు కొయ్యలో అలలూ సుడులూ మంటలూ లేచాయి. అలాంటి కొయ్యను దిమ్మెలుగా కోసిస్తే, సేలంలో నగలపెట్టెలు చెక్కించే కన్నప్పన్ కళ్లకద్దుకుని తీసుకుంటాడు. జన్మంతా పని ఇస్తాడు.

రంగరాజుదీ ఎదురువీధిలో కోతమిల్లే. ధర్మపురి జిల్లా అయింది, కలెక్టరొచ్చాడు, ఆఫీసులొచ్చాయి. రంగరాజుకు మాత్రం మామిడిపళ్ల పెట్టెలు కొట్టే బతుకు పోలేదు. ఊళ్లో ఆయన పేరే పెట్టెల రంగరాజు. చచ్చేలోగా ఆ పేరు వదిలించుకోవాలని ఆయన ఆశ. అందుకే అక్రోటు దిమ్మెలు తానే ఇస్తానని కన్నప్పన్‌కు మాటిచ్చేశాడు. దుంగ సీనప్పది అన్న చిన్న సంగతిని పెద్దగా పట్టించుకోలేదు.

అడిగితే సీనప్ప ఇవ్వనన్నాడు.

"నేనే కోస్తాను మామా. ఇంత మంచి మాను మళ్లీ యాడ దొరుకుతాది?"

సీనప్ప వరసకు అల్లుడు. బుద్ధికి ఎద్దు అని రంగరాజు లెక్క. ఎద్దును ఎటు తోలాలో తనకు తెలుసనుకున్నాడు.

మర్నాడు కూలివాళ్లందరూ చూస్తుండగా ఆ దుంగ దగ్గరికి వచ్చి, ఉన్నట్టుండి చెప్పులు విడిచేశాడు.

"ఏమప్పా సీనప్పా, ఇది మాను కాదప్పా! ఇదో చూడు కండ్లు. ఇదో మీసం. మునియప్ప సామి! దీనిమీద రంపం పెడితే వంశం నిలస్తాదా?"

చారల్లో చూడదలచుకుంటే కళ్లేం ఖర్మ, ఊరికి కాపలా కాసే ఆ మునియప్ప చేతిలో కత్తి కూడా కనిపిస్తుంది. అందరికీ కనిపించింది. కూలివాళ్లు రంపాలు కింద పెట్టేశారు. సీనప్ప భార్య మునివెంకటమ్మ అక్కడికక్కడే సాష్టాంగపడింది.

రంగరాజు పథకం పక్కాగా ఉంది. హడలిపోయిన సీనప్ప దుంగను వదిలించుకుంటే చాలనుకుంటాడు. మామ పెద్ద మనసు చేసుకుని ఆ పీడను తన మిల్లుకు తోలుకుపోతాడు. ఒక కోడిని కోసి శాంతి జరిపించి, ఆనక నిదానంగా రంపం పెడతాడు.

సీనప్ప హడలిపోలేదు. కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

"సామి నన్ను ఎతుక్కుంటా వచ్చినాడు మామా. ఇంగ యాడికీ పంపను. ఈడనే గుడి కడతాను. ఒట్టు, కండిప్పా కడతాను!"

అన్నంత పనీ చేశాడు. మిల్లు వెనక రేకుల కొట్టం వేసి, ముందు ఎర్రతెర కట్టాడు. దుంగను నిలబెట్టి, ముఖం మాత్రం కనిపించేలా పసుపుబట్ట చుట్టాడు. రంగరాజూ అందరితోపాటు చెంపలేసుకోవలసి వచ్చింది. దేవుణ్ని కనిపెట్టినవాడే కాదంటే ఊరు ఊరుకుంటుందా?

పైగా మొదటి మర్యాద ఆయనదే. ప్రతి శుక్రవారం పూజలో గంట కొట్టే భాగ్యాన్ని సీనప్ప ఏరికోరి ఆయనకే అప్పజెప్పాడు. అదేమన్నా చేతిలో ఆడించే గంటా? తెర ముందు వేలాడే కంచుగంట. సీనప్పా, మిల్లులో రంపం పట్టే వేడియప్పన్నూ పాలచెంబులు పట్టుకుని తెర వెనక్కి వెళ్లేవాళ్లు. ఈ సామికి అభిషేకం ఇతరులు చూడకూడదట. అది ఎంతకీ తెమిలేది కాదు. చెయ్యి లాగి రంగరాజు ఒక్కక్షణం ఆపితే లోపల్నించి కేక వినపడేది.

"నిలపొద్దు మామా! సామి లేచినాడు!"

పాపం, మళ్లీ కొట్టేవాడు. ఆ ఊపుకు డప్పులవాళ్లు కూడా రెచ్చిపోయేవాళ్లు.

తెర తీసేసరికి సీనప్ప చెమటలు కారుస్తూ, రొప్పుతూ బయటికొచ్చేవాడు. పూనకం కదా మరి. అందరి నుదుటా కాఫీపొడి రంగు విభూతి పెట్టేవాడు. హరూర్ నుంచి కూడా జనం రాసాగారు. పిల్లల జ్వరాలు తగ్గాయన్నారు. కోర్టు వ్యాజ్యాలు గెలిచామన్నారు. రంగరాజుకు మాత్రం భుజం వాచింది.

ఇంట్లో సౌభాగ్యం ఆ భుజానికి ఆముదం రాస్తూ మొగుడి మీద సణిగేది.

"వాళ్ల సామికి నువ్వేల ఇట్ల చాకిరీ చేసేది?"

"పిచ్చిదానా, వాడు ఆ మానును చూస్తా కూర్చోవాల్సిందేగాని కోసేకి కాదు. నాకు చిక్కకపోతే పోనీ, వానికీ చిక్కలేదు గదా!"

ఆ తృప్తితో రెండు ముద్దలు ఎక్కువే తినేవాడు.

ఇక మిగిలింది కన్నప్పన్‌కిచ్చిన మాట. దాన్నీ దులిపేసుకుందామని ఒకరోజు సేలం బస్సెక్కాడు. నెపం దేవుడి మీద పెడితే ఎవరూ నిలదీయరు. అక్రోటు బదులు పనస దిమ్మెలు అంటగడితే కన్నప్పన్ చేజారిపోడు, పెట్టెల రంగరాజన్న పేరూ పోతుంది.

కన్నప్పన్ ఆప్యాయంగా కూర్చోబెట్టాడు. కాఫీ తెప్పించాడు. రంగరాజు ముందుగా ఒక నిట్టూర్పు విడిచి, తర్వాత మొదలుపెట్టాడు.

"మీకు అక్రోటు దిమ్మెలిద్దామనే చూసినాను. ఏం చేసేది? ఆ మానులో మునియప్ప వెలిసినాడు. ఇంగ దానిమీద రంపం పెట్టే మగోడు పుట్టలేదు."

"దానికేల బాధపడతారన్నా," అన్నాడు కన్నప్పన్, "శుక్రవారం శుక్రవారం సీనప్ప కోసి పంపిన దిమ్మెలతోనే మా పనంతా జరగతా ఉండాది, ఇంగ ఆ మానులో ముందరి మొగం పలక ఒకటే మిగిలిందంట."