సిమెంటు లేని ఇటుకలు

“తిప్పి పంపేశారా? వచ్చిన మనిషిని ఎలా పంపుతారండీ?”

గోడౌన్ సూపర్‌వైజరు గొంతుకి బ్లడ్‌బ్యాంకు అద్దాలు అదిరాయి. కౌంటర్ వెనక నర్సు పెన్ను పక్కన పెట్టింది. అలాంటి గొంతులు ఆమెకు కొత్త కాదు.

పై అంతస్తులో ఆయన అక్క ఉంది. జ్వరంలో ప్లేట్‌లెట్లు ఎనిమిది వేలకు పడిపోయాయి. పొద్దుటి నుంచి చిగుళ్ల వెంట రక్తం కారుతూనే ఉంది. తల్లి పోయాక జడుపు జ్వరాలన్నిటిలో కాపు కాసి ఆయన్ని పెంచింది ఆ అక్కే. ఆమె గ్రూపు వాళ్లు వందమందిలో ఒక్కరు కూడా దొరకరు. ఎవరో పుణ్యాత్ముడు సాయంత్రం ఆరింటికి వచ్చి ప్లేట్‌లెట్లు ఇస్తాడన్న కబురు పట్టుకుని ఆయన రోజంతా ఎలాగో నెట్టుకొచ్చాడు.

రోజు కూడా అలాగే ఏడ్చింది. మూడు సిమెంటు లారీలు ఒకేసారి వచ్చి పడ్డాయి. ఉన్నవాళ్లలో గట్టివాడైన హమాలీ నడుం పట్టేసి గోడకి చేరగిలబడ్డాడు. “ఈ ఒక్క రోజుకీ వద్దు సార్,” అంటూ ఏదో చెప్పబోయాడు. సాకులన్నీ ఆయనకు కంఠతా వచ్చు, చెప్పనివ్వలేదు. ఇంకొకడైతే కూలి కోసి ఇంటికి తరిమేవాడు. ఈయన జాలిపడ్డాడు. ఎదురుగా నిలబడి గుక్కెడు నీళ్లు తాగించి, గంటలో మళ్లీ బస్తా కింద నిలబెట్టాడు.

“నొప్పి మాత్ర వేసుకున్నాడండీ,” అంది నర్సు. “అడగ్గానే దాచకుండా చెప్పాడు. అది పడ్డాక ప్లేట్‌లెట్లు లెక్కకు ఉంటాయి గానీ ఒకదాన్నొకటి పట్టుకోవు. సిమెంటు లేని ఇటుకలనుకోండి. మళ్లీ పనికి రావాలంటే మూడు రోజులు ఆగాలి.”

“మూడు రోజులు మా అక్క ఆగాలిగా! ప్రాణం పోస్తానని మాటిచ్చి, ఆ నోటితోనే మాత్ర మింగుతాడా? వాడెవడో చెప్పండి, ఒక్కసారి మొహం చూస్తాను.”

పేరు చెప్పకూడదంది నర్సు. ఇంకో దాత కోసం పక్క ఊళ్లన్నిటికీ ఫోన్లు చేస్తున్నామంది. తన కుర్చీ ఇటు జరిపి, కాసేపు కూర్చోమంది. ఆయన కూర్చోలేదు. పిసరంత నొప్పి ఓర్చుకోలేని సుకుమారుల్నీ, మాట మీద నిలబడలేని దద్దమ్మల్నీ తరతరాలతో కలిపి తిడుతూ వరండాలోకి వచ్చాడు.

జుట్టులో ఇంకా సిమెంటు దుమ్ముతో బెంచీ మీద కూర్చున్న మనిషి, ఆయన్ని చూసి నడుం పట్టుకుని లేచి, “పొద్దున నీళ్లిచ్చి మీరు మింగించారే సార్, ఆ మాత్ర వల్ల నా రక్తం పనికిరాదన్నారు, పైన ఎవరో ఆవిడ, పాపం,” అన్నాడు.