ఫాల్‌కు పదిహేడు అర్థాలు

"తాతా, గిది ఇంగ్లీషు క్లాసు, బొగ్గుబాయి కాదు. ముందుగాల ఆ కర్ర కింద పెట్టు!"

రఘుపతి సారు అరుపుకు నలభై మంది పిల్లలు వెనక్కి తిరిగారు. చివరి బెంచీ పక్కన బూజుకర్ర పట్టుకుని నిలబడ్డాడు కొమురెల్లి. గోదావరిఖనిలో ఓ పాత మేడ మీది గది అది. మనవరాలు మమతను మొదటి రోజని దిగబెట్టడానికి వచ్చాడు. దిగబెట్టి తన దారిన తాను పోతే ఏ గొడవా ఉండేది కాదు. పిల్ల కూర్చోబోతుంటే ఆగమని, మూలనున్న బూజుకర్ర తిరగేసి, దాని మొదలుతో పైకప్పును నాలుగు చోట్ల పొడిచాడు.

ముప్పై ఏళ్లు బాయిలో పైకప్పుకు దుంగలు నిలబెట్టిన మనిషి. అక్కడ ఎవరూ పైకి చూడకుండా కింద కూర్చోరు. కర్రతో కొట్టి చెవి పెడతారు. కప్పు గట్టిగా ఉంటే కంగుమంటుంది. లోపల పొర విడిపోయి ఉంటే డప్పులా మోగుతుంది.

ఇక్కడ డప్పులా మోగింది.

"సారూ, పైన డొల్ల మోగుతాంది. వాన నీళ్లు నిలుస్తున్నట్టున్నయి. పిల్లలను నడిమిట్ల కూసోబెట్టకుండ్రి."

రఘుపతి సారు టై సర్దుకుని నవ్వాడు. "మొన్ననే సున్నం ఏయించిన. తళతళ మెరుస్తాంది, కనవడ్తలేదా?"

"సున్నం మీదికెల్లి ఏసిండ్రు సారూ. రోగం లోపట ఉన్నది."

"అట్లనా!" సారు బోర్డు వైపు తిరిగాడు. దాని మీద 'ఫాల్' అని చెయ్యంత అక్షరాలతో రాసి ఉంది. "గీ ఒక్క మాటకు పదిహేడు అర్థాలు. పడుడు ఫాల్. ప్రేమల పడ్డా ఫాల్. ఆకులు రాలే కాలం ఫాల్. మీ అమ్మలు చీర అంచుకు కుట్టిచ్చేది కూడ ఫాలే. నీకెన్ని తెలుసు తాతా?"

"ఒక్కటే సారూ. పైకప్పు కూలి నెత్తి మీద పడుడు. గా ఒక్కదానికే మేం ఉరికేటోళ్లం."

క్లాసంతా గొల్లుమంది.

"గందుకే నువ్వు బాయిల ఉన్నవ్, నేను బోర్డు కాడ ఉన్న," అన్నాడు సారు. పిల్లలు బల్లలు చరిచారు. గుమ్మంలో నిలబడ్డ మెకానిక్ ఖాజా కూడా నవ్వాడు. అతని కూతురు ఉమేరా రెండో బెంచీలోనే ఉంది.

"కొమురెల్లన్నా, రిటైరై రెండేండ్లాయె. ఇంక బాయి నీ నెత్తి దిగలేదా? ఫికర్ చెయ్యకు, సారు చదువుకున్నోడు."

మమత ముఖం ఎర్రబడింది. "తాతా, నా పరువు తియ్యకు. నువ్ పో."

కొమురెల్లి పోలేదు. పిల్ల చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చాడు. మెట్ల దాకా సారు గొంతు వెంటాడింది. "రేపు నువ్వే తెచ్చి గదే బెంచీ మీద కూసోబెడ్తవ్ తాతా! తప్పైందని చెప్పి మరీ!"

ఇంటికొచ్చాక మమత అన్నం ముట్టలేదు. "నలభై మంది కూసుంటలేరా? వాళ్లవి తలకాయలు కావా? రేపు ఇంటర్వ్యూల నోరు రాకపోతే నువ్ అచ్చి మాట్లాడ్తవా?" అని అడిగింది.

కొమురెల్లి ఆమె కంచం మీద మూత పెట్టి బయట అరుగు మీద కూర్చున్నాడు. అంత చదివిన సారుకు వినపడనిది తనకు వినపడిందంటే, చెడింది కప్పో తన చెవులో అని మొదటిసారి అనుమానం వచ్చింది. చెవులేనని తేల్చుకున్నాడు. ముసలి చెవుల కోసం పిల్ల చదువు ఆపుతాడా?

మర్నాడు పొద్దున, ముసురులో, మమతను వెంటబెట్టుకుని మళ్లీ ఆ మెట్లెక్కాడు. 'సారూ, తప్పైంది' అన్న రెండు ముక్కలను మెట్టుకోసారి నోట్లో తిప్పుకున్నాడు.

గుమ్మంలోకి వచ్చేసరికి క్లాసు మొదలైపోయింది. బెంచీలు ఎక్కడివక్కడే ఉన్నాయి. ఉమేరా నిన్నటి చోటనే కూర్చుంది. బోర్డు ముందు మాత్రం సారు లేడు. గోడకు కొత్తగా ఓ స్పీకరు డబ్బా వేలాడుతోంది.

"ఇయ్యాల్టి నుంచి కొత్త పద్ధతి," అంటోంది డబ్బా. "మైకుల వింటే ఉచ్చారణ మంచిగ పట్టువడ్తది. ఎవ్వరు బెంచీలు జరుపొద్దు. ఇయ్యాల్టి మాట 'కేర్'. రాసుకోండి, దీనికి పన్నెండు అర్థాలు."

నలభై పెన్నులు కదిలాయి. మమత లోపలికి అడుగు వేసింది. కొమురెల్లి ఆమె భుజం పట్టి ఆపాడు. అలవాటు చావని కళ్లు అప్పటికే పైకి పోయాయి.

పిల్లల నెత్తి మీది కప్పుకు నిన్న తాను పొడిచిన నాలుగు గుర్తులు తప్ప ఇంకేమీ లేవు. కానీ బోర్డు ముందర, సారు కుర్చీ ఉండే చోటికి సరిగ్గా పైన, తెల్లటి సున్నం మీద కర్ర పోట్లు గుత్తులు గుత్తులుగా ఉన్నాయి. ఎవరో ఒకటికి పదిసార్లు కొట్టి విన్నట్టు. దాని కింద కుర్చీ లేదు. బల్ల లేదు. బూజుకర్ర మూలన ఉంది, దాని మొదలు నిండా సున్నం.

మైకు తీగ డబ్బా నుంచి గోడ వెంట పోయి కిటికీలోంచి అవతలికి దిగింది. కొమురెల్లి కిటికీలో తల పెట్టి చూశాడు.

బాల్కనీలో, రేకుల కింద, కుర్చీ బల్ల వేసుకుని, నెత్తికి హెల్మెట్టు పెట్టుకుని, రఘుపతి సారు పాఠం చెబుతున్నాడు.