గ్లోబు మీది స్టిక్కరు

"మళ్ళా ఈ గ్లోబేనా, నివేదా?" హెడ్‌మిస్ట్రెస్ తిరుమలమ్మ విసుక్కుంది. "బెంచీలకీ, ఫ్యాన్లకీ, బీరువాలకీ అన్నిటికీ అంటించినారు ఈ క్యూఆర్ కోడ్ స్టిక్కర్లు. స్కాన్ చేస్తే ఏది ఏ గదిదో ఫోను చెప్పేస్తా ఉండాది. యాడా లేని రోగం నీ క్లాసు గ్లోబుకే ఎందుకొస్తాది?"

నివేద తల వంచుకుంది. రోగం ఎవరిదో ఆమెకు తెలుసు. ప్రతి గురువారం సాయంత్రం పిల్లలు వెళ్ళిపోయాక తలలోని పిన్ను తీసి ఆ స్టిక్కరు మీద నాలుగు గీతలు గీస్తుంది. కోడ్ పని చేయడం లేదని స్టిక్కర్ల కంపెనీకి మెసేజి పెడుతుంది. దాన్ని మార్చడానికి శుక్రవారం ఆవడిలో రైలెక్కి కంపెనీ మనిషి విమల్ తిరుత్తణిలోని ఈ బడికి వస్తాడు. వారమంతా ఆమె బతికేది ఆ కాసేపటి కోసమే. తిరుమలమ్మ గొణుక్కుంటూ తన గదికి వెళ్ళిపోయింది.

"ఏం టీచర్, భూమికి మళ్ళా ఒంట్లో బాగలేదా?"

వచ్చేశాడు! నివేద గబుక్కున గుమ్మం వైపు తిరిగింది. మొదటిసారి వచ్చినప్పుడు ఆమె ఫోనులో అమ్మతో తెలుగు మాట్లాడుతుంటే విని, అతను తమిళం వదిలేసి తెలుగులోకి దిగాడు. ఆ రోజే పడిపోయింది పిచ్చిపిల్ల.

విమల్ వంగి స్టిక్కరు మీద ఫోను పెట్టాడు. తెర తనవైపే తిప్పుకుని చూసి, నాలుక చప్పరించాడు. "పోయినాది టీచర్." పాతది ఒలిచి, కొత్తది నిదానంగా అంటించాడు. అంచులు పదేపదే వేలితో ఒత్తాడు.

"గమ్ము మంచిదే టీచర్. వానలు గదా..."

"అవునవును," అంది నివేద. వేరే ఒక్క మాట, ఒకే ఒక్క మాట మాట్లాడవయ్యా మహానుభావా! అని ఆమె మనసు మొత్తుకుంటోంది.

ఇంతలో తిరుమలమ్మ మళ్ళీ క్లాసులోకి వచ్చింది. "ఇదో అబ్బాయ్, నీ పని బాగలేదని మీ కంపెనీకి చెప్పేసినా. వచ్చే వారం వేరే మనిషిని పంపిస్తారంట."

విమల్ ముఖం వాడిపోయింది. "అయితే నన్ను కాట్టుపల్లి పోర్టు పనికి తోసేస్తారు మేడం," అన్నాడు. నివేద వైపు ఒక్కసారి చూసి, బ్యాగు భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

అయ్యో! ఇక కనబడడు. పైగా తన వల్ల అతనికి చెడ్డపేరు. నివేద ఆగలేకపోయింది.

"మేడం, ఆయన తప్పేం లేదు. అంతా నేనే చేసినా!" పిన్ను తీసి కొత్త స్టిక్కరు మీద బరబరా గీసింది. "వారం వారం ఇట్ల గీకి పాడు చేసింది నేనే. ఆయన్ని చూడాలని..."

తిరుమలమ్మ నోరు వెళ్ళబెట్టింది. నమ్మలేక, ఆ గీతల మీదే తన ఫోను పెట్టింది. టింగుమంది. గ్లోబు ఫొటో, గది నంబరు, అన్నీ తెర మీదికి వచ్చేశాయి.

"ఇంత గీకినా ఫోను బాగానే చదువుతా ఉండాదే!"

తను వారం వారం గీసినవి ఇంతకన్నా తక్కువ గీతలే. విమల్ మాత్రం ప్రతిసారీ, తెర తనవైపే తిప్పుకుని, స్కాన్ చేసి చూశాకే "పోయినాది టీచర్" అన్నాడు.