చెప్పకుండా తీసే పెద్దమ్మ

కిందటి నెల పోయిన మా పెద్దమ్మకు ఫొటోల పిచ్చి. చెప్పాపెట్టకుండా తీసేసేది. అందుకే పద్నాలుగు ఆల్బముల్లో ఒక్క తిన్నని మొహం లేదు. బాబాయి ఆవలింత, అత్త ముక్కులో వేలు.

ఆల్బములు విప్పి అట్టలు ఒక సంచిలో, ప్లాస్టిక్ కవర్లు ఒక సంచిలో వేశాను. ఫొటోలు రీసైక్లింగ్‌కి కూడా పనికిరావట, చెత్తబుట్టలో పడేశాను.

"అర్ధరాత్రయింది, పడుకోండి," లోపల్నుంచి మా ఆవిడ అంది.

"ఈ కోతిమూకను వదిలించుకుని వస్తా."

ఆవలిస్తూ బుట్టలోకి చూశాను. బాబాయి నోరు మూసి ఉంది. అత్త వేలు ఒళ్లోకి దిగింది. మొహాలన్నీ నా భుజం మీదుగా వెనక్కి చూస్తూ, బుద్ధిగా నవ్వుతున్నాయి.

నా వెనక క్లిక్‌మంది.

నా నోరింకా తెరిచే ఉంది.