చివరి చిల్లు

“ఇది మీ అన్నయ్య వాచీ కాదు,” అంది వదిన.

పాత వాచీల నిగ్గు తేల్చే నా స్నేహితులే ఈ నకలును పట్టుకోలేకపోయారు. అద్దం మీది గీతలతో సహా మూడు నెలలు కూర్చుని చేశాను. అసలుది నా చొక్కా చేతి కింద ఉంది.

“అదేంటి వదినా! నువ్వు రిపేరుకిచ్చిందే కదా. డయల్ చూడు, ముల్లు చూడు.”

“అవన్నీ మీ వాచీల పిచ్చోళ్లు చూసుకుంటారు. నేను బెల్టు చూశాను. పోయే ముందు మీ అన్నయ్య చెయ్యి చిక్కిపోతే, నేనే మేకు కాల్చి, డయల్ వైపు చివర్లో ఇంకో చిల్లు పెట్టాను. అదేదీ?”

బెల్టు మా లెక్కలోకి రాదు. పాతదొకటి దొరికితే వేసేశాను. చెయ్యి వెనక్కి పెట్టుకున్నాను.

“చెయ్యి చూపించు, దొంగ వెధవా!”

వదిన నా చెయ్యి లాగి, చొక్కా చేతిని పైకి తోసింది. వాచీ బయటపడింది. తిట్టడానికి నోరు తెరిచిన వదిన, బెల్టు వైపు చూసి ఆగిపోయింది.

ఏ చిల్లులో పెట్టుకున్నానో నేనూ అప్పుడే చూశాను. చివరిది.

“ఎప్పట్నుంచి చిక్కిపోతున్నావు?” అంది మెల్లగా. “ఆయనా మొదట్లో పొడుగు చేతుల చొక్కాలే వేసుకునేవారు.”