వలలో పడ్డ దవడపన్ను

మా తమ్ముడు సింగయ్య బాపట్ల బస్సుకని సంచి సర్దుకుంటున్నాడు. రెండు చొక్కాలు, ఒక తువ్వాలు, ఇటుకంత దవడపన్ను.

మూడు రోజుల కిందట అది సూర్యలంక దగ్గర వాడి వలలో పడింది. చేప కానిదేది పడినా వల ఆరేలోపు సముద్రానికి తిరిగి ఇచ్చేయడం మాకు అలవాటు. ఈసారి వద్దన్నది నేనే. పుస్తకాలు తిరగేసి, ఎన్నో వేల ఏళ్ల కిందట అంతరించిన పెద్ద ఏనుగు పన్నని చెప్పాను. వడ్లమూడి కాలేజీలో ఒక సారు తెచ్చి చూపించమన్నారు.

"రాత్రికి తెనాల్లో మన పిన్ని కూతురు పద్మజ ఇంట్లో పడుకుని, పొద్దున్నే వెళ్తానక్కా."

పన్నును తువ్వాల్లో చుట్టబోతూ ఆగాను. దాని చాళ్ల మధ్య పచ్చగడ్డి ఇరుక్కుని ఉంది. అప్పుడే నమిలినట్టు తడిగా ఉంది. మూడు రోజులుగా ఆ పన్ను మా అటక మీదే ఉంది.

"ఒరేయ్, వద్దురా. దీన్ని నీళ్లలో వదిలేసి రా."

"ఏనుగన్నదీ నువ్వే, వద్దన్నదీ నువ్వే! ఎప్పుడో చచ్చిన ఏనుగు ఇప్పుడు కరుస్తుందా ఏంటి?"

నవ్వుతూ సంచి భుజానికేసుకుని చీకట్లోకి వెళ్లాడు. వాడి అడుగుల చప్పుడు సరుగుడు తోటలో ఆగిపోయింది. తర్వాత ఏదో తీరిగ్గా నములుతున్న చప్పుడు వినబడింది. అది చెట్ల కొనల దగ్గర నుంచి వస్తోంది.

"సింగయ్యా!" అని పిలిచాను.

నమలడం ఆగింది.

సింగయ్య ఆ బస్సు ఎక్కలేదు. నిరుడు కార్తీకమాసం రెండో మంగళవారం వెళ్లినవాడు తిరిగి రాలేదు.